ఓలియంలో 104.5 శాతం ఆమ్లం ఉంటుందంటే అర్థమేమిటి? 25కూ 65కూ మధ్య గాఢత ఎందుకు అమ్మరు?

పెన్నా చదువరి (ప్రొద్దుటూరు):

పెద్దలందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండవ సంవత్సరంలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేసే స్పర్శా విధానం పాఠంలో ఓలియం గురించి రెండు మూడు వాక్యాలే ఉన్నాయి. సల్ఫర్ ట్రైఆక్సైడును నేరుగా నీటిలో కలపకుండా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో శోషింపజేస్తారనీ, అలా వచ్చిన పొగలు కక్కే ద్రవమే ఓలియమనీ, దానికి తగినంత నీరు చేర్చి కావలసిన గాఢత గల ఆమ్లాన్ని పొందుతారనీ మాత్రమే అందులో రాశారు. ఇది చదివాక నాకు మూడు సందేహాలు మిగిలాయి.

మొదటిది, లెక్కల పుస్తకంలో 104.5 శాతం, 109 శాతం ఓలియం అని కనబడుతోంది. వంద గ్రాముల ద్రవంలో 109 గ్రాముల ఆమ్లం ఉండటం ఎలా సాధ్యం? రెండవది, చివరికి నీరు కలపక తప్పనప్పుడు మొదటే నీటిలో కలిపితే వచ్చే నష్టమేమిటి? మూడవది, రంగుల తయారీ కర్మాగారంలో పనిచేసే మా మామయ్య చెప్పిన ప్రకారం బజారులో దొరికే ఓలియం ఇరవై, ఇరవై ఐదు శాతానిదో, లేదా 65 శాతానిదో ఉంటుందట. ఆ రెండింటి నడుమ గాఢత గలదాన్ని ఎందుకు అమ్మరో ఆయనకూ తెలియదు. దయచేసి వివరించగలరు.

అనంత మాస్టారు (అనంతపురం):

అమ్మా, నీ మొదటి రెండు సందేహాలకు నేను సమాధానం చెబుతాను. మూడవదానికి ప్లాంటులో పనిచేసినవారు చెబితే బాగుంటుంది.

ఓలియం అనేది ఒక నిర్దిష్ట సమ్మేళనం కాదు. నూటికి నూరు శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అదనంగా సల్ఫర్ ట్రైఆక్సైడ్ కరిగి ఉన్న ద్రవాన్ని ఓలియం అంటాం. కరిగిన ట్రైఆక్సైడులో చాలా భాగం ఆమ్లంతో కలిసి డైసల్ఫ్యూరిక్ ఆమ్లంగా, అంటే రెండు హైడ్రోజన్, రెండు గంధకం, ఏడు ఆక్సిజన్ పరమాణువులున్న అణువుగా మారుతుంది. దీన్నే పైరోసల్ఫ్యూరిక్ ఆమ్లం అని కూడా అంటారు. అయినా వ్యాపారంలోనూ లెక్కల్లోనూ ఆ రూపాలను పట్టించుకోకుండా, ఆమ్లానికి మించి ఉన్న ట్రైఆక్సైడునంతా ‘స్వేచ్ఛా ట్రైఆక్సైడ్’ కింద లెక్కకడతారు. 20 శాతం ఓలియం అంటే వంద గ్రాముల్లో 80 గ్రాముల ఆమ్లం, 20 గ్రాముల స్వేచ్ఛా ట్రైఆక్సైడ్ ఉన్నాయని అర్థం.

ఇప్పుడు ఆ 20 గ్రాముల ట్రైఆక్సైడును ఆమ్లంగా మార్చడానికి ఎంత నీరు కావాలో చూడు. ట్రైఆక్సైడ్ అణుభారం 80, నీటి అణుభారం 18 కనుక 20 గ్రాములకు సరిగ్గా 4.5 గ్రాముల నీరు పడుతుంది. వంద గ్రాముల ఓలియానికి 4.5 గ్రాముల నీరు చేరిస్తే మనకు 104.5 గ్రాముల శుద్ధ ఆమ్లం వస్తుంది. ఆ 104.5 అనే అంకె సీసాలో ఇప్పటికే ఉన్న ఆమ్లాన్ని సూచించదు, నీరు చేర్చాక రాబోయే ఆమ్లాన్ని సూచిస్తుంది. అదే దారిలో వెనక్కి వెళితే, 109 శాతం ఓలియం 9 గ్రాముల నీటిని తీసుకుంటుంది కాబట్టి అందులో 40 గ్రాముల స్వేచ్ఛా ట్రైఆక్సైడ్ ఉందని తేలుతుంది. శుద్ధ ట్రైఆక్సైడుకు ఈ అంకె 122.5 అవుతుంది, అంతకు మించిన శాతం ఉండే వీలు లేదు. పరీక్షలో ఎవరైనా 125 శాతం ఓలియం అని లెక్క ఇస్తే ఆ లెక్కే తప్పు.

ఇక నీటి సంగతి. ట్రైఆక్సైడ్ నీటితో కలిసేటప్పుడు మోలుకు సుమారు 130 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. ఆ వేడికి నీరు ఆవిరవుతుంది, ఆ ఆవిరి వాయువులోనే ట్రైఆక్సైడును కలుసుకుని అతి సన్నని ఆమ్ల బిందువులను ఏర్పరుస్తుంది. ఆ పొగమంచు బిందువులు ఎంత చిన్నవంటే, నీటి గుండా బుడగలుగా పంపినా బుడగ మధ్యలోనే తేలుతూ ద్రవాన్ని తాకకుండా బయటికి పోతాయి. వాయువు అణువులు వేగంగా విసరణ చెంది ద్రవాన్ని చేరతాయి కాని ఈ బిందువులకు ఆ చలనం ఉండదు. కనుక నీటిలో కలపబోతే ఆమ్లం చేతికి రాకుండా పొగగొట్టం నుంచి ఊరి మీదికి పోతుంది. ఓలియం సీసా మూత తీయగానే కనబడే తెల్లని పొగ కూడా ఇదే. ద్రవం పైకి వచ్చిన ట్రైఆక్సైడ్ ఆవిరికి రంగు లేదు, గాలిలోని తేమతో కలిశాకే అది తెల్లగా కనబడుతుంది. మన అనంతపురంలో ఏప్రిల్ ఎండల్లో గాలి పొడిగా ఉన్న రోజుకూ, వాన కురిసి తేమ నిండిన రోజుకూ ఆ పొగలో తేడా స్పష్టంగా కనబడుతుంది.

మరి ఎంత గాఢత గల ఆమ్లంలో శోషింపజేయాలి అన్నది ఈ పాఠంలో అన్నిటికంటే అందమైన విషయమని నా అభిప్రాయం, పుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంతో దాటేయడం నాకు బాధ కలిగిస్తుంది. 98.3 శాతం కంటే పలుచని ఆమ్లం పైన నీటి ఆవిరి ఉంటుంది, అది ట్రైఆక్సైడుతో కలిసి పొగమంచు చేస్తుంది. అంతకంటే గాఢమైన ఆమ్లం పైన ట్రైఆక్సైడ్ ఆవిరే ఉంటుంది, అది తిరిగి బయటికి పోతుంది. సరిగ్గా 98.3 దగ్గర ఈ రెండు ఆవిరుల పీడనమూ అత్యల్పం. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా శోషణ స్తంభంలో తిరిగే ఆమ్లం 98కి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

మాస్టారు గారు చెప్పిన చోటి నుంచే అందుకుంటాను. నేను కర్నూలువాడినే అయినా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం కోస్తాలోని ఒక ఎరువుల కర్మాగారంలో, సల్ఫ్యూరిక్ ఆమ్లం విభాగంలో గడిపాను.

చెల్లీ, నీ పాఠం చదివితే ప్రతి చుక్క సల్ఫ్యూరిక్ ఆమ్లమూ ముందు ఓలియంగా మారి, తర్వాత నీటితో పలుచబడి వస్తుందన్న భావన కలుగుతుంది. వాస్తవంలో అలా జరగదు. చాలా ప్లాంట్లలో ఓలియం స్తంభమే ఉండదు. 98 శాతం ఆమ్లం స్తంభం పైనుంచి దిగుతూ ట్రైఆక్సైడును పీల్చుకుని కొంచెం గాఢమవుతుంది, కింద ట్యాంకులో నిరంతరం కొలిచిన నీరు చేరుస్తూ దాన్ని మళ్లీ 98కి తెస్తారు, పెరిగిన ఆమ్లాన్ని సరుకుగా పక్కకు తీస్తారు. ఓలియం కావాలనుకున్న ప్లాంటు మాత్రమే ఆ స్తంభానికి ముందు మరొక స్తంభాన్ని పెట్టుకుంటుంది.

మొదటి నుంచి చెబితే ఇలా ఉంటుంది. కరిగించిన గంధకాన్ని పొడిగాలిలో మండిస్తారు, కొలిమి సుమారు 1,000 డిగ్రీల వేడిలో ఉంటుంది. గాలిని ముందుగా గాఢ ఆమ్లంతో కడిగి తేమ తీసేయకపోతే తర్వాతి దశల్లో పొగమంచు ఏర్పడి పైపులన్నీ తినేస్తుంది. వచ్చిన సల్ఫర్ డైఆక్సైడ్ వాయువును బాయిలరు గుండా చల్లార్చి, 420 డిగ్రీల ప్రాంతంలో, దాన్ని ట్రైఆక్సైడుగా మార్చే కన్వర్టరులోకి పంపుతారు. అక్కడ సిలికా మీద పూసిన వెనేడియం పెంటాక్సైడ్, దానితోపాటు పొటాషియం లవణం ఉత్ప్రేరకంగా పరిచి ఉంటాయి. ఇది ఉష్ణమోచక చర్య కనుక మొదటి పరుపు దాటేసరికి వాయువు 600 డిగ్రీలకు చేరుతుంది, ఆ వేడిలో సమతాస్థితి వెనక్కి లాగడంవల్ల మూడింట రెండు వంతుల దగ్గర మార్పు ఆగిపోతుంది. అందుకని చల్లార్చి రెండవ పరుపుకూ, మళ్లీ చల్లార్చి మూడవదానికీ పంపుతారు. మూడు పరుపుల తర్వాత ఏర్పడిన ట్రైఆక్సైడును మధ్యలోనే శోషింపజేసి తీసేస్తే, మిగిలిన డైఆక్సైడ్ నాలుగవ పరుపులో దాదాపు పూర్తిగా మారిపోతుంది. జర్మనీలోని బాయర్ సంస్థ 1960లలో తెచ్చిన ఈ రెండు శోషణల పద్ధతివల్లే మార్పు 99.5 శాతం దాటి, పొగగొట్టం నుంచి పోయే డైఆక్సైడ్ బాగా తగ్గింది. సమతాస్థితిని కదిలిస్తే అది ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందని చెప్పే, నీ పుస్తకంలో ఉన్న లీ షాట్లియర్ నియమం కళ్లకు కట్టాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

ఓలియం స్తంభం ఈ మధ్య శోషణకు ముందు ఉంటుంది. చల్లార్చిన వాయువు కిందినుంచి పైకి వెళుతుంటే ఓలియమే పైనుంచి దిగుతూ ట్రైఆక్సైడును తీసుకుంటుంది. అయితే ఓలియానికి తనదైన ట్రైఆక్సైడ్ ఆవిరి పీడనం ఉంటుంది కాబట్టి వాయువులో ఉన్నదంతా అది తీసుకోలేదు, కొంత భాగమే తీసుకుని మిగతాది వెనకనున్న 98 శాతం స్తంభానికి వదులుతుంది. వాయువులో ట్రైఆక్సైడ్ నూటికి పది పాళ్ల లోపే ఉంటుంది కనుక ఈ దారిలో ముప్పై, ముప్పై ఐదు శాతానికి మించిన ఓలియం తయారుకాదు. 65 శాతం కావాలంటే ఈ ఓలియాన్నే వేరే పాత్రలో వేడిచేసి, పైకి లేచిన శుద్ధ ట్రైఆక్సైడ్ ఆవిరిని చల్లార్చి ద్రవంగా పట్టి, దాన్ని లెక్క ప్రకారం పలుచని ఓలియంతో కలపాలి.

ఇప్పుడు నీ మూడవ సందేహం. దీనికి జవాబు ఘనీభవన స్థానాల్లో ఉంది. శుద్ధ ఆమ్లం 10 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. ట్రైఆక్సైడ్ కలుపుతూ పోతే 20 శాతం దగ్గర ఆ ఉష్ణోగ్రత మైనస్ 11కి దిగుతుంది, అక్కడినుంచి గబగబా పైకెక్కి 30 శాతం దగ్గర 15కూ, 45 శాతం దగ్గర 35కూ చేరుతుంది. ఆ 45 శాతం మిశ్రమమే దాదాపుగా శుద్ధ డైసల్ఫ్యూరిక్ ఆమ్లం, అది మామూలు గది వేడిలో ఘనపదార్థం. ఆపైన మళ్లీ దిగివచ్చి 60, 65 శాతాల మధ్య సున్నా డిగ్రీల ప్రాంతానికి వస్తుంది, ఇంకా పెంచితే మళ్లీ ఎక్కుతుంది. ఈ వక్రరేఖలో ఉన్న రెండు పల్లాలే బజారులో ఉన్న రెండు సరుకులు. కర్నూలులో డిసెంబరు రాత్రి 30 శాతం ఓలియం కూడా శీతాకాలపు నెయ్యిలా పైపులో పేరుకుపోగలదు. 45 శాతానిదైతే ఏడాదిలో ఎక్కువ నెలలు ట్యాంకరు నుంచి దిగనే దిగదు.

గడ్డకట్టిన దాన్ని వేడిచేసి కరిగించవచ్చు కదా అని అడుగుతారు, అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ట్రైఆక్సైడ్ 44.8 డిగ్రీలకే మరుగుతుంది, మన కడప, నంద్యాల వైపు మే నెల మధ్యాహ్నపు వేడికి అది ఎంతో దూరం కాదు. గాఢ ఓలియాన్ని అజాగ్రత్తగా వేడిచేస్తే ట్యాంకులో పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ వద్ద 1993 జూలై 26న జరిగింది ఇదే. రైలు ట్యాంకరులోని ఓలియాన్ని దించడానికి వేడిచేస్తుండగా పీడనం పెరిగి భద్రతా పలక పగిలింది, ఆ మేఘం ఊళ్ల మీదికి సాగి ఇరవై వేలమందికి పైగా వైద్యం కోసం ఆసుపత్రులకు వెళ్లారు.

పాత్రల గురించి ఒక మాట చెప్పాలి. పోత ఇనుము 98 శాతం ఆమ్లానికి చక్కగా పనికివస్తుంది కాని ఓలియానికి పనికిరాదు. ట్రైఆక్సైడ్ దాని లోపలికి చొరబడి, లోపలే చర్య జరిగి, ఒత్తిడికి ఏ సూచనా లేకుండా బీటలు వారుతుంది. ఓలియానికి ఉక్కు ట్యాంకులు వాడతారు. నేల విషయంలోనూ అంతే శ్రద్ధ అవసరం. మన ప్రాంతంలో ప్రయోగశాల బల్లల మీద కడప బండ పరచడం మామూలే, కాని అది సున్నపురాయి కావడంవల్ల ఆమ్లం పడిన చోట నురగ వచ్చి తినేస్తుంది. ఆమ్ల ట్యాంకుల కింద ఆమ్లానికి తట్టుకునే ఇటుకలే పరచాలి.

గండికోట దారి (కడప):

ఇంత మంచి చర్చలో మన జిల్లా చరిత్ర కూడా ఉందని చెప్పాలనిపించింది.

స్పర్శా విధానం రాకముందు ఓలియాన్ని అన్నభేది (ఇనుము సల్ఫేటు) నుంచి తీసేవారు. అన్నభేదిని గాలిలో వేయించి, ఆపైన మట్టి పాత్రల్లో తీవ్రంగా కాల్చితే ట్రైఆక్సైడ్ ఆవిరి వచ్చేది, పాత్రలో ఎర్రని ఇనుము ఆక్సైడ్ మిగిలేది. ఈ సరుకు జర్మనీలోని నార్డ్‌హౌసెన్ పట్టణం పేరుతో ప్రసిద్ధమై, తర్వాతి కాలంలో ఎక్కువగా బొహీమియాలో తయారయ్యేది. అప్పట్లో చవకగా ఆమ్లం తీసే సీస గదుల విధానంలో పలుచని ఆమ్లమే వచ్చేది కనుక ఓలియం కావాలంటే అన్నభేది తప్ప వేరే దారి లేకపోయింది. ప్లాటినం మీద డైఆక్సైడును ట్రైఆక్సైడుగా మార్చవచ్చని బ్రిస్టల్‌కు చెందిన వినెగర్ వ్యాపారి పెరెగ్రిన్ ఫిలిప్స్ 1831లోనే పేటెంటు తీసుకున్నా, అప్పటికి ఓలియం అవసరం అంతగా లేక అది మూలన పడింది.

అవసరం పుట్టించింది రంగుల పరిశ్రమ. 1870ల నుంచి కృత్రిమ అలిజరిన్ ఎరుపు తయారీకి ఓలియం పెద్దఎత్తున కావలసి వచ్చింది. 1875లో క్లెమెన్స్ వింక్లర్ ప్లాటినం పద్ధతిని తిరిగి వెలుగులోకి తెచ్చారు. జెర్మేనియం మూలకాన్ని కనుగొన్న వింక్లర్ ఈయనే. జర్మనీలోని బాస్ఫ్ సంస్థలో రుడాల్ఫ్ క్నీట్ష్ ఈ పద్ధతిని నిలకడగా నడిచే పరిశ్రమగా మార్చారు. వాయువులోని ఆర్సెనిక్ ప్లాటినాన్ని పాడుచేస్తుందనీ, వాయువును ముందుగా శుభ్రపరచాలనీ, చర్యలో పుట్టే వేడిని ఎప్పటికప్పుడు తీసేయాలనీ చూపింది ఆయనే. వెనేడియం ఆ తర్వాత వచ్చి ప్లాటినాన్ని తొలగించింది.

ఆ సంస్థకు అంత పట్టుదల ఎందుకంటే, వారు కృత్రిమ నీలిమందు తయారుచేయాలని సంకల్పించారు. నాఫ్తలీన్‌ను పాదరసం సమక్షంలో ఓలియంతో ఆక్సీకరించి థాలిక్ అన్‌హైడ్రైడ్ తీయడం అందులో మొదటి మెట్టు. ఆ మెట్టులో ఓలియం విపరీతంగా ఖర్చయి డైఆక్సైడుగా బయటికి వచ్చేది. స్పర్శా విధానంతో ఆ డైఆక్సైడునే మళ్లీ ట్రైఆక్సైడుగా మార్చుకోగలిగారు కాబట్టే లెక్క కుదిరింది, 1897లో వారి నీలిమందు బజారుకు వచ్చింది.

ఆ నాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు పండించే ముఖ్యమైన జిల్లాల్లో మన కడప ఒకటి. నీలి ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, ముద్దచేసి, ఆరబెట్టిన ఆ రంగు ఇక్కడినుంచి ఓడలెక్కి దూర దేశాలకు వెళ్లేది. జర్మనీ రంగు వచ్చాక కొన్నేళ్లలోనే ధర పడిపోయి ఆ సాగు కుంగిపోయింది. మన పొలాల తలరాత మార్చిన ఆ మార్పు వెనుక కాలువలు, కరువుల కంటే దూరాన ఎక్కడో ఒక శోషణ స్తంభంలో తిరిగిన ఓలియానికి కూడా పాత్ర ఉందన్న సంగతి మన విద్యార్థులకు చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పెన్నా చదువరి (ప్రొద్దుటూరు):

అందరికీ కృతజ్ఞతలు. నీలిమందు సంగతి మా తాతగారికి చదివి వినిపిస్తాను. ఇంకొక్క రెండు ప్రశ్నలు అడగవచ్చా? తేమ తగిలితే మారిపోయే ద్రవాన్ని ప్లాంటులో తూచి, శాతం ఎలా కడతారు? మా పర్యావరణ విద్య పాఠంలో ఢిల్లీ ఓలియం లీకు కేసు పేరు మాత్రమే ఉంది, అందులో తేలిందేమిటి?

అనంత మాస్టారు (అనంతపురం):

అమ్మా, ఢిల్లీ విషయం నేను చెబుతాను. 1985 డిసెంబరు 4న ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం నుంచి ఓలియం లీకైంది. భోపాల్ దుర్ఘటన జరిగి అప్పటికి ఏడాదే అయింది. తీస్ హజారీ కోర్టులో పనిచేసే ఒక న్యాయవాది మరణించారు, ఎందరో అస్వస్థులయ్యారు. ఆ కర్మాగారం గురించి న్యాయవాది ఎం.సి. మెహతా అంతకుముందే సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసి ఉన్నారు. ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1986 డిసెంబరులో తీర్పు చెబుతూ, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవారు తమవల్ల జరిగిన హానికి సంపూర్ణ బాధ్యత వహించాలనీ, తాము అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామనీ, లోపం తమది కాదనీ చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదనీ స్పష్టం చేసింది. ప్రమాదకరమైన వస్తువును తన భూమిలో ఉంచుకున్నవారే అది బయటపడి చేసే హానికి బాధ్యులన్న ఇంగ్లండు న్యాయంలోని పాత సూత్రానికి ఉన్న మినహాయింపులను కూడా తొలగించిన తీర్పు ఇది.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

తూచే పద్ధతి చెబుతాను చెల్లీ. సన్నని తోక గల పలుచటి గాజు బుడ్డిని ముందు ఖాళీగా తూచి, కొంచెం వేడిచేసి, తోకను ఓలియంలో ముంచితే బుడ్డి చల్లారుతూ ద్రవాన్ని లోపలికి పీలుస్తుంది. తోకను మంటలో కరిగించి మూసేసి, పైన అంటినది తుడిచి, మళ్లీ తూస్తారు. ఇక లోపలున్న దానికి గాలి తగలదు. ఆ బుడ్డిని నీరున్న గట్టి సీసాలో వేసి, బిరడా బిగించి, ఊపి పగలగొడతారు. సీసాలో తెల్లని పొగమంచు నిండుతుంది, అది పూర్తిగా నీటిలో కలిసిపోయే వరకు ఆగాలి. తొందరపడి బిరడా తీస్తే కొలవవలసినదే బయటికి పోతుంది.

తర్వాత ఒక నార్మల్ గాఢత (లీటరుకు 40 గ్రాములు) గల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో అంశమాపనం (టైట్రేషన్) చేస్తారు. ఒక గ్రాము శుద్ధ ఆమ్లానికి 20.4 మిల్లీలీటర్లు, ఒక గ్రాము శుద్ధ ట్రైఆక్సైడుకు 25 మిల్లీలీటర్లు పడతాయి. నీ ఓలియం గ్రాముకు 21.3 పడితే, 20.4 నుంచి 25 వరకు ఉన్న దూరంలో అది అయిదో వంతు దగ్గర ఉందన్నమాట, అంటే 20 శాతం ఓలియం. ఒక్కొక్క శాతానికి తేడా ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి గ్రాము, రెండు గ్రాముల నమూనాతో, నాలుగు దశాంశాల వరకు తూచే త్రాసుతో చేయాలి. ఒకే ట్యాంకు నుంచి రెండు బుడ్డీలు తీసి రెండు ఫలితాలూ కలిసినప్పుడే రిజిస్టరులో రాస్తారు.